ఉల్సాన్‌లో నాలుగు గంటలు

దామోదర్ కొరియా వెళ్దామన్నాడు. శుక్రవారం పొద్దున పెసరట్టు తింటూ, చట్నీలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నాడు.

"అక్టోబరులో పదకొండు రోజులు. ముగ్గురం."

చెంచులక్ష్మి పెనం మీద అట్టు వదిలేసి వెనక్కి తిరిగి చూసింది. పెళ్ళై పదహారేళ్ళు. సౌదీలో ఈ రాబిగ్ ఊరికొచ్చి పన్నెండేళ్ళు. ఈ పన్నెండేళ్ళలో ఈ మహానుభావుడు సెలవు దొరికితే ఎక్కింది జెద్దాలో హైదరాబాద్ విమానం, దిగింది మార్కాపురంలో. అక్కడ నెల రోజులూ బోరు మోటారు విప్పడం, మళ్ళీ బిగించడం. పోనీ దుబాయి అయినా చూద్దామండీ, పక్కనేగా అంటే, "అక్కడుండేదీ ఎండే గదా" అనేవాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి కొరియా అంటే పెళ్ళాం ఎగిరి గంతేస్తుందా? వెయ్యదు. ఎందుకూ అని అడుగుతుంది.

"ఎందుకంట?"

"ఎందుకేంది. చూడ్డానికి."

రిషిత మాత్రం కంచం ముందు నుంచి లేచి నాన్న మెడకి చుట్టుకుంది. పదమూడేళ్ళ పిల్ల. రెండేళ్ళుగా కొరియా సీరియళ్ళు తప్ప ఇంకోటి చూడదు, అన్నం వద్దు నూడుల్స్ కావాలంటుంది. ఆ పిల్లకు కారణాలతో పనేముంది. పెనం మీద అట్టు మాడింది. మాడిన అట్టు లక్ష్మే తిన్నది, తింటూ మొగుడి మొహమే చూస్తూ కూర్చుంది. ఆ మొహంలో టూరుకు పోయే మనిషి కళ ఏమీ లేదు. దంతాల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నవాడిలా ఉన్నాడు.

దామోదర్ రిఫైనరీలో షట్‌డౌన్ ప్లానర్. యూనిట్ ఆపేసి, విప్పి, కడిగి, మళ్ళీ బిగించే పనంతా ఏ రోజు ఏ గంటకు ఏది, ఎవరు చెయ్యాలి అని పెద్ద చార్టు గీసి పెట్టడం ఆయన ఉద్యోగం. అంతకుముందు షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేసేవాడు. మూడేళ్ళ కిందట నడుం నొప్పి అని చెప్పి ఆఫీసులోకి మార్పించుకున్నాడు. ఆ చార్టుల పిచ్చి ఇంట్లోకీ వచ్చింది. రిషిత పరీక్షలకు చార్టు, లక్ష్మి ఆవకాయ పెట్టడానికి చార్టు. కొరియాకు చార్టు రాకుండా ఎలా ఉంటుంది? రెండు రోజులకల్లా ఫ్రిజ్ మీద అతికించాడు, చాపంత కాగితం.

చూడ్డానికి ముచ్చటగానే ఉంది, అది ఒప్పుకోవాలి. బుధవారం నుంచి మూడు రోజులు సియోల్. రాజుల కోట, ఆ కోట ముందు ముగ్గురూ కొరియా బట్టలు కట్టుకుని ఫోటోలు, పాతకాలం పెంకుటిళ్ళ వీధి. శని, ఆదివారాలు గ్యోంగ్జు. అక్కడ గడ్డి మొలిచిన కొండల్లాంటి రాజుల సమాధులు, బుద్ధుడి గుడి, సాయంత్రం దీపాలు వెలిగే చెరువు. సోమవారం ఉల్సాన్. మంగళ, బుధ బూసాన్. సముద్రపొడ్డున గుడి, రంగురంగుల ఇళ్ళున్న కొండ, పెద్ద బీచి. ఆఖర్న జేజు దీవి. జలపాతాలు, నల్లరాళ్ళ తీరం, ముసలమ్మలు సముద్రంలోకి మునిగి నత్తలు తెచ్చే చోటు. ఏ రైలు, ఏ బస్సు, ఎక్కడ శాకాహారం దొరుకుద్ది, శనివారం లక్ష్మి ఒంటిపూట కాబట్టి ఆ పూట ఏ పండ్లు, అన్నీ ఉన్నాయి. పక్కన "ఎవరు" అని ఒక గడి. డి అంటే దామోదర్, ఎల్ అంటే లక్ష్మి, ఆర్ అంటే రిషిత. అన్ని వరసల్లోనూ మూడక్షరాలూ ఉన్నాయి.

ఒక్క పూట తప్ప.

సోమవారం, ఉల్సాన్. పొద్దున తిమింగలాల మ్యూజియం, ముగ్గురూ. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు వరకు సముద్రపు రాళ్ళ పార్కు, ఎల్, ఆర్. అదే రెండు నుంచి ఆరు వరకు, కింద ఇంకో వరస. "రిజర్వ్". దాని పక్కన ఒక్క డి.

లక్ష్మి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. రిజర్వ్ అనే మాట ఇంకొకళ్ళకు ఖాళీ టైము. ఆమెకు కాదు. కొత్తలో ఒకసారి అడిగింది, ఇంత తొందర పనుల్లో ఈ రిజర్వ్ ఏంటండీ, ఉత్తినే కూర్చుంటారా అని. దామోదర్ నవ్వాడు. "మేనేజర్లు కూడా అట్టాగే అనుకుంటారు. నేను తెలియని దానికి రిజర్వ్ పెట్టను లక్ష్మీ. ఎక్కడ ఏది చెడిపోయి ఉందో నాకు ముందే తెలుసు. బయటికి రాస్తే గొడవ. అందుకని రిజర్వ్ అని రాసి, ఆ పని అందులో చేసేస్తా." అప్పుడది మొగుడి తెలివి అని మురిసిపోయింది. ఇప్పుడు ఒళ్ళు మండింది.

"ఈ రిజర్వ్ ఏందండీ?" అని సాయంత్రం అడిగింది, టీ గ్లాసు చేతికిస్తూ.

"ఊరికే. రైలు లేటయితే సర్దుకోడానికి."

"కొరియాలో రైలు లేటవుద్దా?"

"అవ్వొచ్చు."

"లేటయితే ముగ్గురికీ అవ్వాలి గదా. మీ ఒక్కరికే అవుద్దా?"

దామోదర్ టీ తాగాడు. తాగేసి గ్లాసు తనే కడిగి బోర్లించాడు. పదహారేళ్ళలో గ్లాసు కడగడం అదే మొదటిసారి.

పక్క విల్లాలో షబ్నమ్ ఉంటుంది. కర్నూలు పిల్ల, మొగుడు అదే రిఫైనరీలో ఎలక్ట్రికల్. లక్ష్మిని అక్కా అంటుంది, అక్క ఇంటి సంగతులు అక్కకంటే ఎక్కువ తనే పట్టించుకుంటుంది. మర్నాడు ఇద్దరూ మెంతికూర తుంచుకుంటూ కూర్చున్నారు. లక్ష్మి చెప్పకూడదనుకుంటూనే అంతా చెప్పేసింది.

"అక్కా, నేనొకటి అంటా, ఏమీ అనుకోవద్దు. అన్న ఉద్యోగం పోయిందేమో."

"చాల్లే."

"చాల్లే కాదక్కా. ఆ మూలింటి వాళ్ళు ఏం చేసినారు? జార్జియా పోయినారు, మంచులో ఫోటోలు పెట్టినారు. తిరిగొచ్చిన వారానికి గ్రూపులో సోఫా అమ్మకం, ఫ్రిజ్ అమ్మకం. తర్వాత తెలిసింది, ముందే ఫైనల్ ఎగ్జిట్ కొట్టినారంట. పోయేవాళ్ళు పోతాపోతా ఒక టూరు వేసుకుంటారు ఇక్కడ. నీకు తెలీదా?"

తెలుసు. ఈ కాంపౌండులో అందరికీ తెలుసు. ఉద్యోగం ఊడినవాడు పెళ్ళాం పిల్లలకు ఆ మాట చెప్పలేక, ఒక మంచి ఊరు చూపించి, అక్కడ ఐస్‌క్రీం కొనిచ్చి అప్పుడు చెబుతాడు. లక్ష్మి లెక్కలు వేసుకుంది. రిషిత ఎనిమిదో తరగతి మధ్యలో ఉంది. తను ఇంట్లో పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది, పదకొండు మంది, మార్చిలో బోర్డు పరీక్షలు. ఆ రాత్రి అన్నాలు తిన్నాక కాదు, అప్పుడే, మెంతికూర చేతులతోనే ఇంటికెళ్ళి మొగుడి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి, కాగితాలు తీసి చూసింది. నెల కిందటే రెన్యువల్ అయింది. మొన్ననే జీతంతో పాటు కొత్త షట్‌డౌన్ పని కూడా ఇచ్చారని ఆయనే చెప్పాడు. ఉద్యోగం పోలేదు. ఆ మాటే తిరిగొచ్చి షబ్నమ్‌కు చెప్పింది.

"పోలేదా," అంది షబ్నమ్, కాస్త నిరాశగానే. "అయితే ఇంకోటుంది. అది నా నోటితో అనను."

అనకపోయినా వినపడింది. లక్ష్మి విననట్టు కాడలు ఏరింది.

కొరియావాళ్ళు వీళ్ళకు కొత్తేం కాదు. పెద్ద షట్‌డౌన్ జరిగినప్పుడల్లా కొరియా కాంట్రాక్టు కంపెనీ దిగేది. ఆ కంపెనీ సూపర్‌వైజర్ మిస్టర్ కాంగ్ ఈ ఇంటికి నాలుగైదుసార్లు భోజనానికొచ్చాడు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. చెప్పులు గుమ్మం బయట వరసగా సర్ది పెట్టేవాడు, తనవే కాదు, ఇంట్లోవాళ్ళవి కూడా. మొదటిసారి ఆవకాయ అన్నం తిని కళ్ళ నీళ్ళు పెట్టుకుని, సిస్టర్, ఇంకొంచెం అన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళ ఊరగాయ పెట్టుకునే డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు, గాలి చొరకుండా నాలుగు పక్కలా నొక్కుడు మూతలున్నది. ఇప్పటికీ ఆవకాయ అందులోనే పెడుతుంది. మూడేళ్ళ కిందట ఆయన ఇక్కడే చనిపోయాడు. పర్మిట్ కాగితం లేకుండా రిఫైనరీలో గదంత ఉండే ఇనప డ్రమ్ములోకి దిగాడట, లోపల ఊపిరాడలేదట. దామోదర్ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో ఎత్తలేదు. ఆ డబ్బా తీసినప్పుడల్లా లక్ష్మికి మాత్రం గుర్తొస్తాడు.

సోమవారం సంగతి రిషిత బయటపెట్టింది. స్కూలు నుంచి వచ్చి, బ్యాగు సోఫాలో విసిరేసి, ఫోను పట్టుకుని వంటింట్లోకొచ్చింది.

"అమ్మా, నాన్న తప్పు రాశాడు. తిమింగలాల మ్యూజియం సోమవారం సెలవంట."

లక్ష్మి ఫోను లాక్కుని చూసింది. నిజమే. చేతులు తుడుచుకుని చార్టు దగ్గరకు వెళ్ళింది. సియోల్ కోటకు మంగళవారం సెలవు, చార్టులో బుధవారం పెట్టాడు. గ్యోంగ్జులో చెరువు దగ్గర దీపాలు ఎన్నింటికి వెలుగుతాయో నిమిషాలతో రాశాడు. జేజులో ముసలమ్మలు ఎన్ని గంటలకు నీళ్ళలోకి దిగుతారో కూడా ఉంది. అంత చూసిన మనిషి మ్యూజియం తలుపు తెరిచుంటుందో లేదో చూడలేదు. ఎందుకు చూస్తాడు? ఆయనకు తిమింగలాలతో పనిలేదు. ఆ మ్యూజియం తల్లినీ పిల్లనూ ఊరు తీసుకెళ్ళడానికి ఒక సాకు. ఆయన పోయేది ఆ నాలుగు గంటల కోసం. పదకొండు రోజుల టూరంతా ఆ నాలుగు గంటలకు తొడుగు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరెత్తలేదు. అడిగితే గ్లాసులు కడుగుతాడు, అంతకంటే ఏముంది. ఈసారి కూపీ లాగాలనుకుంది.

ఆ కూపీ ఆయనే తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంట్లో ప్రింటరు ట్యూషన్ పిల్లల కోసం లక్ష్మిది. గురువారం పొద్దున ఆఫీసుకు పోతూ వీసా ఫారాలు ఆమె ఫోనుకు పంపి, ప్రింటు తీసిపెట్టమన్నాడు. గంట తర్వాత ఆఫీసు నుంచి ఫోను.

"లక్ష్మీ, నా ఫారంలో మూడో పేజీ తియ్యమాక. అది నేనిక్కడ తీసుకుంటా."

"సరే."

సరే అని ఫోను పెట్టేసి, మొదట తీసింది మూడో పేజీ. తియ్యదా మరి. ఏ పేజీ తియ్యొద్దంటే ఏ ఆడదైనా ముందు ఆ పేజీయే తీస్తుంది. పదహారేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియకపోతే అది ఆయన ఖర్మ. అందులో, కొరియాలో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అనే చోట ఉంది అని టిక్కు. పేరు, చో సూజిన్. ఊరు, ఉల్సాన్. సంబంధం, స్నేహం.

సాయంత్రం రిషితను మాటల్లో పెట్టి అడిగింది. "సూజిన్ అంటే మగవాళ్ళ పేరా, ఆడవాళ్ళ పేరా?"

"ఆడవాళ్ళదే. నేను చూసే దాంట్లో హీరోయిన్ అక్క పేరు అదే. ఎందుకమ్మా?"

"ఊరికే."

ఇప్పుడు ఊరికే అనడం ఆమె వంతయింది. కుర్చీలో కూర్చుంది. కోపం కంటే ముందు సిగ్గేసింది. ఆ మనిషి చొక్కాలకు ఇస్త్రీ చేసి, నడుం నొప్పి అంటే నూనె మర్దన చేసి, ఆ మనిషి గీసిన చార్టును వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసినందుకు సిగ్గేసింది. నా కూతుర్ని పార్కులో కూర్చోబెట్టి నువ్వు దానింటికి పోతావా అని మనసులో వందసార్లు అనుకుంది. గట్టిగా ఒక్కసారీ అనలేదు. మర్నాడు శుక్రవారం వరకూ ఆగింది. అన్నాలయ్యాక రిషితను షబ్నమ్ ఇంటికి పంపేసింది. తలుపు గడియ పెట్టింది. మూడో పేజీ తీసి డైనింగ్ టేబుల్ మీద, పెరుగు గిన్నె పక్కన పెట్టింది.

"ఎవరీవిడ?"

దామోదర్ ఆ కాగితం వంక చూశాడు. భయపడతాడనుకుంది. బుకాయిస్తాడనుకుంది. ఆయన రెండూ చెయ్యలేదు, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. బరువు దించుకున్న కూలీ మనిషిలా కనపడ్డాడు, అది చూసి ఆమెకు ఇంకా మండింది.

"కాంగ్ భార్య," అన్నాడు.

లక్ష్మికి అర్థం కాలేదు. "ఏ కాంగ్?"

"మన కాంగే. వాళ్ళలో ఆడవాళ్ళు పెళ్ళైనా పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటారు. అందుకని చో."

చచ్చిపోయిన స్నేహితుడి పెళ్ళాం. లక్ష్మి బుర్ర ముందు అటే పరిగెత్తింది, ఏం చేస్తుంది పాపం, వారం రోజులుగా అదే దారిలో ఉంది. "ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఇది?"

"అది కాదు లక్ష్మీ. కూర్చో."

"నేను కూర్చోను. చెప్పండి."

దామోదర్ లేచి బెడ్‌రూంలోకి వెళ్ళాడు. సర్టిఫికెట్లు పెట్టే ఫైలు తెచ్చాడు. ఆయన బీటెక్ డిగ్రీ వెనక, అదే ప్లాస్టిక్ కవర్లో, నాలుగు మడతలు పెట్టిన పసుపు కాగితం ఉంది. విప్పి ఆమె ముందు పెట్టాడు. కార్బన్ కాపీ. పైన నంబరు, డ్రమ్ము పేరు. ఆక్సిజన్ అనే చోట ఇరవై పాయింట్ తొమ్మిది. టైము, సాయంత్రం అయిదుంబావు. కింద రెండు సంతకాలు. ఒకటి కొరియా అక్షరాల్లో. రెండోది ఆమెకు బాగా తెలిసిందే, రిషిత ప్రోగ్రెస్ కార్డుల మీద ఉండేది.

"పర్మిట్ లేకుండా దిగాడన్నారు గదా," అంది లక్ష్మి.

"అది నేనన్నా. అందరూ నమ్మారు."

చెప్పాడు. టేబుల్ మీద చూస్తూ, ఆఫీసులో రిపోర్టు చదివినట్టు చెప్పాడు. మనిషి లోపలికి దిగే ముందు ప్రతిసారీ డ్రమ్ము దగ్గరకెళ్ళి ఆక్సిజన్ కొలవాలి, కొలిచినవాడే సంతకం పెట్టాలి. పొద్దున కొలిచాడు, ఇరవై పాయింట్ తొమ్మిది, మామూలు గాలిలో ఉండేంత. సాయంత్రం షిఫ్ట్ మారే వేళ, బల్ల మీద ఇరవై పర్మిట్లున్నాయి. కాంగ్ వచ్చి తొందర పెట్టాడు. పొద్దున బాగానే ఉంది గదా అని దామోదర్ పాత అంకే వేసి, కుర్చీలోంచి లేవకుండా సంతకం పెట్టి ఇచ్చాడు. మధ్యాహ్నం పక్క లైను వాళ్ళు నైట్రోజన్ వాల్వు తిప్పారని, అది డ్రమ్ములోకి చేరి ఆక్సిజన్‌ను తోసేసిందని ఆయనకు తెలియదు.

"దానికి వాసన ఉండదు. రెండుసార్లు ఊపిరి పీలిస్తే పడిపోతాడు. కాంగ్ ఎప్పుడూ తన మనుషుల్ని ముందు దింపడు. తను దిగి, చూసి, అప్పుడు పిలుస్తాడు."

"ఆ తర్వాత?"

"నేను పరిగెత్తుకెళ్ళా. అప్పటికే బయటికి తీశారు. మ్యాన్‌హోల్ పక్కన పర్మిట్ కవర్లో వేలాడుతూ ఉంది. అందరూ ఆయన్ని చూస్తన్నారు. నేను కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నా. మిగతా కాపీలు చించేసి, ఆ పేజీ పాడైందని పుస్తకంలో కొట్టేశా. ఇదొక్కటి చించలేకపోయా. ఆయన సంతకం ఉంది గదా దాని మీద."

లక్ష్మి కూర్చుంది. దామోదర్ ఫోను తీసి ఒక మెసేజ్ చూపించాడు. కాంగ్ నంబరు నుంచి వచ్చింది, ఎనిమిది నెలల కిందట. ఫోను ఇంగ్లీషులోకి మార్చిన ముక్కలు. నా భర్తతో పదకొండేళ్ళు ఉన్నాను. బండ్లు లేని రోడ్డు మీద కూడా ఎర్రలైటు దాటేవాడు కాదు. కాగితం లేకుండా లోపలికి దిగే మనిషి కాదు. మీరాయన స్నేహితులు. మీకు తెలిసింది చెప్పండి.

ఆమె ఆ మెసేజ్ మూడుసార్లు చదివింది. మొగుడు పనిచేసే పద్ధతి ఎరిగిన ఆడది, ఎక్కడో లోకం అవతల, లెక్క తేలక మూడేళ్ళుగా అనుమానిస్తూ కూర్చుంది. ఇక్కడ తను ఒక రిజర్వ్ గడిని చూసి వారం రోజులు అనుమానించింది. ఆవిడ అనుమానం నిజం. తన అనుమానమే తప్పు, తప్పయినా బాగుపడిందేమీ లేదు. వేరే ఆడదైతే ఎంత బాగుండేది అనుకుంది లక్ష్మి. తిట్టేది, ఏడ్చేది, పుట్టింటివాళ్ళకు ఫోను చేసేది. దీనికి ఎవరికి ఫోను చెయ్యాలి?

"మీరు ఆ డబ్బాలో ఆవకాయ ఎట్టా తిన్నారండీ, మూడేళ్ళు?"

ఆలోచిస్తే ఆయన ఆవకాయ వేసుకోవడం మానేసి మూడేళ్ళయింది. బీపీ అన్నాడు. నమ్మింది.

"సోమవారం ఆవిడ పనిచేసే కొట్టు సెలవు," అన్నాడు దామోదర్. "వచ్చి చెప్తానన్నా. ఈ కాగితం ఆవిడ చేతికిస్తా."

"ఇచ్చాక?"

"ఆవిడ ఇష్టం. కంపెనీకి పంపొచ్చు. ఇక్కడికి తిరిగొస్తే నన్ను ఆపుతారు, జైలు కూడా ఉండొచ్చు. రాకపోతే ఈ ఉద్యోగం లేదు, ఈ ఇల్లు లేదు."

"ఆ మాట నాకు చెప్పకుండా, పోయి తిరిగొచ్చేవాళ్ళలాగా ఎగ్జిట్ రీఎంట్రీ వీసా తీసుకుని, టూరని చెప్పి, పిల్లను కొరియా బట్టల్లో ఫోటోలకు నిలబెట్టి..." మాట పూర్తి చెయ్యలేకపోయింది. "ఉల్సాన్ మధ్యలో ఎందుకు పెట్టారు? ముందే పోయి రావచ్చు గదా."

"ముందు పెడితే మీరేమీ చూడరు. ఆఖర్న పెడితే నేను వెళ్ళను. అందుకని మధ్యలో."

ఎంత మంచి ప్లానరో చూడండి. తన పిరికితనానికి కూడా గంటలు లెక్కేసి గడి గీసుకున్నాడు. లక్ష్మికి నవ్వొచ్చినట్టయి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పసుపు కాగితం మడత పెట్టింది.

"ఇది ఎక్కడ పెట్టుకుని పోతారు?"

"హ్యాండ్ బ్యాగులో."

"వద్దు. నా దగ్గరుంటది. మీ చేతిలో ఉంటే విమానం ఎక్కేలోపు చించేస్తారు. మీ మీద నాకు నమ్మకం లేదు."

ఆయన కాదనలేదు. అదొక్కటి చాలు ఆమెకు, తన మాట నిజమేనని తెలియడానికి.

శనివారమంతా ఆ కాగితం ఆమె దగ్గరే ఉంది. మొదట బీరువాలో చీరల కింద పెట్టింది. గంటకోసారి పోయి చూసింది. తర్వాత వంటింట్లో పోపుల డబ్బా వెనక్కి మార్చింది. మధ్యాహ్నం పప్పుకు తాలింపు పెడుతుంటే, స్టవ్ మంట మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. అరచేతి వెడల్పు కాగితం. రెండు సెకన్ల పని. ట్యూషన్ పిల్లలకు మార్చిలో పరీక్షలు, రిషిత ఎనిమిదో క్లాసు, ఈ ఇల్లు, బాల్కనీలో కరివేపాకు చెట్టు, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఆవిడ ఎలాగూ ఇన్నాళ్ళు బతికింది. చెయ్యి డబ్బా వెనక్కి పోయింది కూడా. కాగితం బయటికొచ్చింది. ఆవాలు మాడి పొగ లేచాక గానీ ఆమెకు తెలివి రాలేదు. స్టవ్ కట్టేసి గోడకు ఆనుకుని నిలబడింది. నిన్న మొగుణ్ణి నమ్మనంది. తనను తాను నమ్మి ఏం చేస్తుంది?

ఆదివారం పొద్దున దామోదర్ ఆఫీసుకు, రిషిత స్కూలుకు వెళ్ళారు. లక్ష్మి కారు తీసుకుని ఊళ్ళోకి వెళ్ళింది. పాస్‌పోర్టులు, ఇఖామాలు చూసే జవాజాత్ ఆఫీసు దగ్గర టైపింగు, జిరాక్సు కొట్లు వరసగా ఉంటాయి. వీసా ఫారాలు నింపడానికి, ఫోటోలు దిగడానికి అందరూ అక్కడికే పోతారు. రిషిత సర్టిఫికెట్లన్నీ ఆమె అక్కడే లామినేషన్ చేయించింది. కొట్లో ఎప్పుడూ ఉండే కుర్రాడు లేడు, గడ్డం నెరిసిన బంగ్లాదేశీ ఆయన ఉన్నాడు. పసుపు కాగితం కౌంటరు మీద పెట్టింది.

"లామినేషన్ కర్‌నా హై."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యే తో కార్బన్ కాపీ హై, బహన్. పతలా యా మోటా?" పల్చటి కవరు వెయ్యాలా, మందపుదా అని.

"మోటా. సబ్‌సే మోటా."

మిషను వేడెక్కడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల్లో రెండుసార్లు వెనక్కి అడుగుదామనుకుంది. అడగలేదు. అటువైపు నుంచి కాగితం అట్టలా గట్టిపడి, వెచ్చగా బయటికొచ్చింది. అంకె కనపడుతోంది. టైము కనపడుతోంది. రెండు సంతకాలూ కనపడుతున్నాయి.

సాయంత్రం దామోదర్ వచ్చేసరికి అది డైనింగ్ టేబుల్ మీద ఉంది. ఆయన చేతిలోకి తీసుకుని, అంచు పట్టుకుని వంచి చూశాడు. వంగింది, మళ్ళీ నిటారుగా అయింది.

"ఇది లామినేషన్ చేయించావా," అన్నాడు.

"చేయించా. ఇక చించడానికి కుదరదు. మీకూ కుదరదు, నాకూ కుదరదు."

ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళి పెన్ను తీసుకుంది. తిమింగలాల మ్యూజియం కొట్టేసింది. రాళ్ళ పార్కు కొట్టేసింది. రిజర్వ్ అన్న మాట కొట్టేసి, దాని మీద సూజిన్ గారిల్లు అని రాసింది. పక్కన డి ఉన్న గడిలో ఎల్ చేర్చింది. కాసేపాగి, ఆర్ కూడా రాసింది.

దామోదర్ వెనక నుంచి చూస్తున్నాడు. "రిషిత వద్దు లక్ష్మీ. దాని ముందు వద్దు."

"వాళ్ళకూ ఒక పిల్లాడున్నాడని కాంగ్ ఫోటో చూపించాడు, గుర్తుందా? మనమ్మాయి ఈడే," అంది లక్ష్మి, పెన్ను మూత పెడుతూ. "వాళ్ళ నాన్నదే తప్పని వాడు మూడేళ్ళుగా వింటన్నాడు. మన పిల్ల ఒక్కపూట వినలేదా?"

ఆమె అన్నాలు వడ్డించడానికి లోపలికి వెళ్ళింది. ఆవకాయంతా సీసాలోకి తీసేసి, ఆ కొరియా డబ్బా కడిగి, నాలుగు మూతలూ తెరిచి ఎండలో పెట్టాలని గుర్తుచేసుకుంది. వెళ్ళేటప్పుడు అది కూడా తీసుకెళ్ళాలి.